చెప్పుల లెక్క

మా శిష్యుడొకడికి మొన్న జూన్‌లో హాస్టల్ వార్డెన్ చార్జి ఇచ్చారు. చార్జి తీసుకున్న మూడో రోజు రాత్రి పదిన్నరకు ఫోన్ చేశాడు. "సార్, రిజిస్టర్ల నూట ఎనభై మంది ఉన్నరు. మెస్సుల రెండొందల పది ప్లేట్లు లేచినయ్. ఏం జెయ్యాలె?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పదకొండేళ్లు వార్డెన్‌గా చేశాను. ఆ ముప్పై ప్లేట్ల తేడా నాకు తెలిసినంతగా నేను పాఠం చెప్పిన సబ్జెక్టు కూడా తెలియదు. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావు, రాసి పంపుతానన్నాను. రాస్తుంటే ఇంతయింది. యూనివర్సిటీ పేరు రాయడం లేదు. మన రెండు రాష్ట్రాల్లో ఏ యూనివర్సిటీ హాస్టల్ మెట్లెక్కినా కాస్త అటూఇటుగా ఇదే కథ.

1. ముందు ఆ మనిషెవరో తెలుసుకో.

కాగితాల మీద అతను అనధికార నివాసి. హాస్టల్లో ఆ మాట ఎవరి నోటా రాదు, నాన్‌బోర్డర్ అంటారు. పొద్దున పరీక్ష ఉందని రాత్రి బస్సుకు దిగినవాడూ నాన్‌బోర్డరే. పీజీ అయిపోయి రెండేళ్లయినా రూము వదలనివాడూ నాన్‌బోర్డరే. ఊళ్లో అప్పులవాళ్ల ముఖం చూడలేక కానిస్టేబుల్ ఉద్యోగానికి చదువుకుంటున్నవాడూ నాన్‌బోర్డరే. ఈ ముగ్గురినీ ఒకే కట్టెతో తోలాలని చూస్తే మొదటివాడు పోతాడు, మిగతా ఇద్దరూ ఉంటారు.

నేనూ నాన్‌బోర్డర్‌నే. 1981లో పీజీ సీటు తప్పిపోయింది. ఇంటికి పోయి నాన్నకు ఆ మాట చెప్పలేక మా ఊరి అన్న రూములో ఎనిమిది నెలలున్నాను. రెండు మంచాల మధ్య సందు నాది. కింద నాలుగు మడతలు పెట్టిన పాత దుప్పటి. వార్డెన్ వస్తున్నాడంటే పక్కకు దొర్లి మంచం కిందికి పోవడమే. డిసెంబర్లో ఆ గచ్చు ఎంత చల్లగా ఉండేదో నా వీపుకు ఇప్పటికీ గుర్తుంది. అన్న మెస్సులో రెండోసారి అన్నం పెట్టించుకుని, పప్పు పోయించుకుని, చెయ్యి పెట్టకుండా లేచేవాడు. ఆ ప్లేటు ముందు నేను కూర్చునేవాణ్ణి. వడ్డించే ముసలాయనకు తెలుసు. రోజూ ఆ రెండోసారి గరిటె కొంచెం నిండుగా పడేది.

మన దగ్గర చదువు సాగిందే ఇలా. వెనకటి తరాల్లో వారాలు చేసుకుని చదివినవాళ్లుండేవారు, సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో. అయితే ఆ వారాలు కులం కలిసినవాళ్లకే దొరికేవి. ఈ ముక్క ఆ కథలు మురిపెంగా చెప్పేవాళ్లు చెప్పరు. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో పుట్టింది. హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ కూడా ఆ ఏడే మొదలైంది. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలకు పట్నంలో రాత్రి తల పెట్టుకునే చోటు లేకపోవడం అప్పటికే పెద్ద సమస్య. ఆ తర్వాత మరికొన్ని కులాలకూ హాస్టళ్లు వెలిశాయి. కులం అడగకుండా పక్కకు జరిగి చోటిచ్చినవి యూనివర్సిటీ హాస్టల్ రూములు. నన్ను పెట్టుకున్న అన్నది మా కులం కాదు.

2. "రెండ్రోజులుంటడు సార్" అంటే నమ్ము. ఆ రెండ్రోజులు ఎంత పొడుగో మాత్రం అడగకు.

నువ్వు కళ్లారా చూసిందే చెబుతాను. తెలంగాణలో గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్ 29న వచ్చింది, 783 పోస్టులకు. వాయిదా మీద వాయిదా పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో. నోటిఫికేషన్ చూసి సంచీతో దిగిన పిల్లవాడు పరీక్ష రాసేటప్పటికి అదే రూములో రెండు ఉగాదులు చేసుకున్నాడు. గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రాయిస్తే, ఆ రెండూ ఈ మధ్యకాలంలోనే రద్దయ్యాయి. హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో బెడ్డుకు అద్దె కట్టుకోగలిగినవాడు అక్కడుంటాడు, కట్టుకోలేనివాడు నీ దగ్గరికొస్తాడు. వాడి గడువు నీ చేతిలో లేదు, వాడి చేతిలోనూ లేదు.

3. అన్నం లెక్క దగ్గర మాత్రం మెత్తబడకు.

పైన నా కథ విని నీ మనసు కరిగి ఉంటుంది. ఇప్పుడు రెండో వైపు చూడు. మనది డివైడింగ్ మెస్సు. నెలంతా బియ్యం, పప్పు, నూనె, గ్యాసు, కూరగాయలు, వంటవాళ్ల జీతం ఎంతయితే అంత కూడి బోర్డర్ల సంఖ్యతో భాగిస్తారు. ఖర్చు ఆరు లక్షలు, బోర్డర్లు రెండొందల మంది అనుకో, తలకు మూడు వేలు. కానీ తిన్నది రెండొందల నలభై మంది. అందరినీ లెక్కలో వేస్తే తలకు రెండున్నర వేలే పడాలి. ఆ అయిదొందలు ఎవరివి? బోర్డర్లందరివీ అంటావు. కాదు. ఇంటి నుంచి డబ్బు వచ్చేవాడు కడతాడు, మరిచిపోతాడు. స్కాలర్‌షిప్ మీద బతికేవాడి మెస్సు బిల్లు స్కాలర్‌షిప్‌లో కోత పడుతుంది. అది చాలకపోతే బాకీ కింద నిలుస్తుంది. నో డ్యూస్ సంతకానికి వచ్చినప్పుడు ఆ బాకీ వాడి సర్టిఫికెట్ల మీద కూర్చుంటుంది. నా ముందు ఒక పిల్లవాడు నిలబడి, "సార్, నేను నెలకు పది దినాలు ఊర్లనే ఉన్న, ఇంత బిల్లెట్లొచ్చింది?" అని అడిగాడు. జవాబు నాకు తెలుసు. వాడి రూములోనే ముగ్గురు గెస్టులు. వాడిదీ వాళ్లదీ ఒకే మండలం. చెప్పలేకపోయాను.

అంటే, పేదవాడికి పేదవాడే పెడుతున్నాడు, పెడుతున్నట్టు తెలియకుండా. మా అన్న తన ప్లేటులోంచి నాకు పెడుతున్నాననుకున్నాడు. నిజానికి ఆ హాస్టల్ మొత్తం నాకు పెట్టింది. వాళ్లను నేనెప్పుడూ అడగలేదు.

కాబట్టి గెస్టు టోకెన్ పెట్టించు. పూటకు ఇంత అని. డబ్బు గెస్టు దగ్గరే తీసుకోవాలి, రూము వాడి ఖాతాలో రాయకూడదు. ఇవ్వలేనంటే మెస్సులో పని చూపించు. కూరగాయల మార్కెట్‌కు తెల్లవారుజామున నాలుగింటికి పోయేందుకు మెస్ సెక్రటరీకి ఎప్పుడూ తోడు దొరకదు. నా హయాంలో మార్కెట్‌కు పోయిన గెస్టుల్లో ఒకడికి టమాట బేరం ఎంత బాగా వచ్చిందంటే, వాడు ఉద్యోగమొచ్చి వెళ్లిపోతుంటే మెస్ కమిటీ దిగులుపడింది.

ఫైన్ల సంగతి కూడా ఇక్కడే. గెస్టును పెట్టుకున్నందుకు రూము వాడికి ఫైన్ వేస్తే గెస్టు పోడు. రూము వాడి బాకీ పెరుగుతుంది, అంతే.

4. తలలు కాదు, చెప్పులు లెక్కపెట్టు.

ఇది నాకు మా వాచ్‌మన్ నేర్పాడు. మొదట్లో నేను టార్చి లైటుతో అర్ధరాత్రి తలుపులు కొట్టేవాణ్ణి. మెట్ల మీద నా మొదటి అడుగు పడేలోపే మూడో అంతస్తుకు వార్త చేరేది. బాత్రూముల్లో, ట్యాంకు దగ్గర, టెర్రస్ మీద ఒక్కసారిగా జనాభా పెరిగేది. వాచ్‌మన్ నెల రోజులు చూసి, "ఎందుకు సార్ పిల్లల నిద్ర పాడు జేస్తరు, పొద్దుగాల అయిదింటికి రాండ్రి" అన్నాడు. వెళ్లాను. వరండా పొడుగునా తలుపుల ముందు చెప్పులు. 27 నంబర్ ముందు ఆరు జతలు. ముగ్గురి రూము అది. కుడి వైపు మూడు జతలు వరసగా ఉన్నాయి, ఎడమ వైపు మూడు గోడకు ఆనించి, కనబడకుండా ఉండాలన్నట్టు ముడుచుకుని ఉన్నాయి. గెస్టు చెప్పు కూడా గెస్టులాగే ఉంటుంది. ఒకదాని పట్టీ తెగితే పిన్నీసు గుచ్చి ఉంది. ఆ రోజు తలుపు కొట్టలేదు.

5. పుట్టినరోజని రాత్రి పన్నెండింటికి వచ్చి కేకు పూసుకుని నిద్రపోయినవాళ్లు గెస్టులు కారు. చూసీ చూడనట్టు పో.

6. నోరు లేని రూమ్మేట్‌ను పట్టించుకో.

గెస్టు గొడవలో అందరూ వార్డెన్‌నూ గెస్టునూ చూస్తారు. మూడో మంచం వాణ్ణి ఎవరూ చూడరు. ఒకడు నా దగ్గరికొచ్చి, రూము మార్చమన్నాడు. ఎందుకంటే నీళ్లు రావడం లేదన్నాడు. పక్క రూముకూ అదే పైపు. రెండోసారి దోమలన్నాడు. మూడోసారి ఏమీ అనలేదు, నిలబడ్డాడు. తర్వాత తెలిసింది, సీనియర్ తెచ్చుకున్న గెస్టు వాడి మంచం మీదే పడుకుంటున్నాడని, వాడు రీడింగ్ రూములో బల్ల మీద పడుకుంటున్నాడని. "వద్దని చెప్పొచ్చు గదరా" అన్నాను. "వాళ్లిద్దరూ ఒక ఊరోళ్లు సార్. నేను ఒక్కణ్ణి" అన్నాడు.

మా అమ్మాయి అమెరికాలో చదివినప్పుడు వాళ్ల యూనివర్సిటీ హౌసింగ్‌లో చేరగానే రూమ్మేట్లిద్దరితో ఒప్పంద కాగితం రాయించారు. ఎవరైనా రాత్రి ఉండాలంటే రెండోవాళ్లు సరే అనాలి, పేరు ముందే నమోదు చేయాలి, వరసగా రెండు మూడు రాత్రులు దాటకూడదు. అక్కడ చాలా చోట్ల ఇదే పద్ధతట. ముందు నాకు మహా విడ్డూరంగా తోచింది, సొంత చెల్లెలు వచ్చినా సంతకమా అని. తర్వాత ఆ రీడింగ్ రూము బల్ల గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

అలాగని మనవాళ్లు అక్కడ మారిపోయారనుకోకు. ఆగస్టులో కొత్త బ్యాచ్ విమానం దిగుతుంది. అపార్ట్‌మెంట్ లీజు ఇంకా మొదలై ఉండదు. సీనియర్ల హాల్లో గాలి పరుపుల మీద ఆరుగురు. దాన్ని అక్కడ "టెంపరరీ అకామడేషన్" అంటారు, ఇండియన్ స్టూడెంట్స్ అసోసియేషన్ వాళ్లే కుదురుస్తారు. లీజులో పేరు లేనివాళ్లు ఎక్కువ రోజులుంటే పేరున్నవాడి మెడకు చుట్టుకుంటుంది. మన మెస్సు బిల్లు కథే, డాలర్లలో.

7. ఫస్టియర్ బ్లాకులో ఒక్క గెస్టు కూడా వద్దు. ఒక్క రాత్రి కూడా వద్దు.

ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. ర్యాగింగ్ మీద మనకు 1997 నుంచే చట్టం ఉంది. 2009లో యూజీసీ నిబంధనలు ఇంకా గట్టిగా వచ్చాయి, కొత్త పిల్లలను వీలైనంత వరకు వేరే బ్లాకులో పెట్టాలని, సీనియర్లు అటు పోకుండా వార్డెన్లు కాపు కాయాలని. సీనియర్‌నైతే రిజిస్టర్ చూసి పట్టుకోవచ్చు. గెస్టును పట్టుకోవడానికి రిజిస్టరే లేదు. నా అనుభవంలో ఒక పిల్లవాణ్ణి రాత్రంతా నిలబెట్టినవాడు మా విద్యార్థి కాదు. వాణ్ణి చేర్చినవాడికి తప్ప ఎవరికీ వాడి పేరు తెలియదు. ఆ పిల్లవాడు టీసీ తీసుకుని వెళ్లిపోయాడు. నాయకుల దగ్గర్నుంచి "మనోడే, చూసుకోండి" అని ఫోన్లు వస్తాయి. మిగతా బ్లాకుల్లో ఎవరి కోసమైనా చూసుకో. ఇక్కడ మాత్రం ఎవరి మాటా వినకు.

8. అమ్మాయిల హాస్టల్ రూలు చదివినప్పుడు అబ్బాయిల హాస్టల్ పక్కన పెట్టుకుని చదువు.

2012లో ఆర్నెల్లు అమ్మాయిల హాస్టల్ ఇన్‌చార్జి కూడా నా నెత్తిన పడింది. సాయంత్రం ఆరు దాటాక బయటివాళ్లెవరూ లోపలికి రాకూడదు, అమ్మా నాన్నలతో సహా. విజిటర్స్ రూములో మాట్లాడుకుని పంపించాలి. ఒక రాత్రి తొమ్మిదిన్నరకు కేర్‌టేకరమ్మ ఫోన్ చేసింది. ఆదిలాబాద్ వైపు నుంచి ఒక తల్లి వచ్చింది, కూతురికి పచ్చకామెర్లని తెలిసి. బస్సు దారిలో చెడిపోయి ఆలస్యమైంది. తిరిగి పోవడానికి బస్సు లేదు. పట్నంలో ఎవరూ తెలియదు. బిడ్డ పక్కన పడుకుంటానంటోంది. నేను మంచం మీద పడుకునే మాట్లాడాను. ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలమ్మా, రూలు రూలే, అన్నాను. ఇప్పుడు రాస్తుంటే ఆ గొంతు నాదేనా అనిపిస్తోంది.

పొద్దున ఏడింటికి వెళ్తే ఆమె గేటు దగ్గరుంది. రాత్రంతా బస్టాండులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. సంచిలోంచి కాగితం పొట్లం తీసి, "ఇంటి సకినాలు సారూ" అని చేతిలో పెట్టింది. ఆ పొట్లం నా ఆఫీసు బల్ల మీద మెత్తబడిపోయే దాకా ఉంది. తినలేదు, పారేయలేదు.

అదే రాత్రి నా అబ్బాయిల హాస్టల్లో ముప్పై మందికి తక్కువ కాకుండా నాన్‌బోర్డర్లు కాళ్లు చాపుకుని పడుకుని ఉన్నారు. అది నాకు తెలుసు. తెలిసీ ఆ తల్లికి రూలు చెప్పాను. మూడేళ్ల తర్వాత, 2015లో, ఢిల్లీలో అమ్మాయిలు హాస్టల్ కట్టుబాట్ల మీద పింజ్రా తోడ్ అని ఉద్యమం లేపితే మా స్టాఫ్ రూములో చాలామంది ముఖం చిట్లించారు. నేను చిట్లించలేదు. మెచ్చుకునే ధైర్యమూ చేయలేదు. అమ్మాయిల హాస్టల్లో రాత్రి తల్లి పడుకోవడానికి రెండు మంచాల గది ఒకటి ఉండాలి. స్టోరు రూము ఖాళీ చేయించు, చాలు.

9. పేరు రాసుకోవడం తరమడం కంటే కష్టం.

2007 ఆగస్టులో రాత్రి ఒంటిగంటా నలభైకి నా క్వార్టర్ తలుపు బాదారు. 33 నంబర్లో ఒకడికి ఫిట్స్. 108 అప్పటికే వచ్చింది. అందులోని అతను ప్యాడ్ మీద పెన్ను పెట్టి, "పేషెంట్ పేరు?" అన్నాడు. రూములోని అయిదుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "సిరిసిల్ల" అన్నాడొకడు. ఊరు కాదు, పేరు అన్నాడతను. "సిరిసిల్ల అనే పిలుస్తం." వయసు? ఇల్లు? ఏవైనా మందులు వాడుతున్నాడా? ఎవరికీ ఏదీ తెలియదు. చొక్కా జేబులో ఒక బస్సు టికెట్, ముప్పై రూపాయలు. ఆస్పత్రి చీటీ మీద "సిరిసిల్ల, పురుషుడు, సుమారు 24" అని రాశారు. అతను మా హాస్టల్లో ఏడు నెలలుగా తింటున్నాడు.

తెల్లవారి తెలివొచ్చింది. చిన్నప్పటి నుంచీ ఫిట్స్ ఉన్నాయట. మాత్రలకు డబ్బు లేక రెండు వారాలుగా మానేశాడు. నన్ను చూసి అతను మొదట అడిగింది, "సార్, రూము పోతదా?" అని.

ఆ వారమే గేటు దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టించాను. పేరు, ఊరు, ఎవరి రూము, ఎన్ని రాత్రులు, ఇంటి ఫోన్ నంబర్. పుస్తకంలో పేరున్నవాణ్ణి అర్ధరాత్రి లేపను, రూము వాడికి ఫైన్ వేయను, ఇది నా మాట అని నోటీసు బోర్డు మీద అంటించాను. మొదటి వారం ఒక్క పేరూ పడలేదు. రెండో వారం మొగల్తూరు నుంచి చిరంజీవి వచ్చి 43లో ఒక రాత్రి పడుకున్నట్టు రాసి ఉంది. మూడో వారం సిరిసిల్ల అతనే వచ్చి తన అసలు పేరు రాశాడు, మాత్రల పేరుతో సహా. తర్వాత మిగతావాళ్లు రాశారు.

ఇక్కడ నేను చేసిన తప్పొకటి చెప్పాలి. రాసిన నంబర్లు నిజమో కాదో చూద్దామని ఒక మధ్యాహ్నం నాలుగింటికి ఫోన్ చేశాను. మూడో నంబర్ ఒక తల్లి ఎత్తింది. మీ అబ్బాయి మా హాస్టల్లో ఉంటున్నాడమ్మా అన్నాను. "హాస్టలేంది సారూ, మావోడు పట్నంల నౌకరి జేస్తుండు గద" అంది. ఫోను పట్టుకుని చాలాసేపు ఏదేదో మాట్లాడాను, పొరపాటున నంబర్ కలిసిందని ఏదో అన్నాను. ఆ పిల్లవాడు ఆ సాయంత్రమే సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు. ఎక్కడికెళ్లాడో పుస్తకంలో రాయలేదు. ప్రాణం మీదికొస్తే తప్ప ఆ ఫోన్ నంబర్ గడి జోలికి పోకు.

10. ఇక నువ్వడిగింది. ఏం చేయాలి?

మూడు రాత్రుల వరకు పేరు రాస్తే చాలు. అది దాటితే రూములో ఉన్న అందరి సంతకాలూ తేవాలి. అవి ఒకచోట కూర్చుని పెట్టించినవి కాకుండా, ఒక్కొక్కడినీ విడిగా పిలిచి నీ ముందు పెట్టించు. టోకెన్ లేకుండా పళ్లెం లేదు. ఫస్టియర్ బ్లాకు సంగతి చెప్పాను. కోర్సు అయిపోయినవాడికి తేదీ రాసి చెప్పు, పరీక్ష ఉంటే పరీక్ష మర్నాటి వరకు ఇవ్వు. ఆ మర్నాడు పొద్దున టిఫిన్ పెట్టించి పంపు, తిట్టి పంపకు. రీడింగ్ రూములో నాలుగు మడత మంచాలు వేయించు. దుప్పట్లు నెలకోసారి ఉతికించే ఖర్చు ఏ పద్దులో రాయాలని ఆఫీసువాళ్లు అడుగుతారు. కర్టెన్లని రాయి.

పుస్తకానికి పెన్ను దారంతో కట్టించు. పురికొస వద్దు, నైలాన్ తాడు. లేకపోతే రెండో రోజుకే పోతుంది.